ఐదు రంగుల పాపీ బ్యాడ్జీలు: డబ్బాకు రెండు నక్షత్రాలు, దర్జీకి నాలుగు

ముందే చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసినా శత్రువు మీద ఒక్క తూటా పేల్చని మనిషిని నేను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో యానిమల్ ట్రాన్స్‌పోర్ట్ నా విభాగం. అంటే కంచరగాడిదలు తోలాను. మేము వాటిని ఖచ్చర్లు అనేవాళ్లం; ఇక్కడా ఆ మాటే వాడతాను. మహబూబ్‌నగర్‌లో ఏ పెళ్లికి వెళ్లినా, మాజీ సైనికుడినని తెలియగానే "ఏ యుద్ధంలో ఉన్నారు?" అని ఆసక్తిగా అడుగుతారు. ఖచ్చర్ల మాట ఎత్తగానే "ఓహో" అని, పప్పు వడ్డించే మనిషి కోసం అటు తిరుగుతారు. ఈ సమీక్షలో ఎక్కడైనా కోపం కనిపిస్తే అది ఆ పంక్తి భోజనాల దగ్గర మొదలైందని సర్దుకోండి.

కొన్నది ఐదు రంగుల పాపీ బ్యాడ్జీల డబ్బా. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు 1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు ఆగాయి. ఏటా ఆ రోజుల్లో బ్రిటన్‌లో చాలామంది యుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తుగా చొక్కాకు ఎర్రని పాపీ పువ్వు పెట్టుకుంటారు. ఎరుపు ఒక్కటే కాదు, తెలుపు, నలుపు, ఊదా, ఖాదీ పువ్వులు కూడా ఉన్నాయని ఎడింబరోలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది. ఊదా రంగు యుద్ధాల్లో చనిపోయిన జంతువుల కోసమని విన్నాక నాకు మనసు నిలవలేదు. ఆన్‌లైన్‌లో వెతికితే ఐదూ కలిపి 1,180 రూపాయలకు దొరికాయి. అమ్మినవాళ్ల పేరు రాయను. రాస్తే వాళ్లు ఫోను చేస్తారు, నాకు మధ్యాహ్నం నిద్ర ముఖ్యం.

నవంబరు మొదటి వారంలో వస్తుందన్న డబ్బా 9వ తేదీ సాయంత్రం మెట్టుగడ్డలోని మా ఇంటికి చేరింది. లోపల స్పాంజిలో గుచ్చిన ఐదు రేకు పువ్వులు, మీద రంగు పూత. నలుపు పువ్వు అంచున పూత అప్పటికే లేచిపోయింది. ఊదా అన్నది వంకాయ రంగుకూ సిరా రంగుకూ మధ్య ఎటూ తేలకుండా ఉంది. వెనక సూది మొనకు తొడిగే రబ్బరు బిళ్ల వేలితో తాకితేనే ఊడి వస్తుంది. ఇవన్నీ ఎలాగో సహించవచ్చు. ఖాదీ పువ్వు చూశాక మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు ఖాదీ పాపీ ఎర్రదే. దాన్ని ఖాదీ బట్టతో చేస్తారు, అంతే తేడా. ఈ డబ్బాలోది కూడా రేకే, దానికి వేసింది పోలీసు నిక్కరు రంగు. ఖాదీకీ ఖాకీకీ తేడా తెలియనివాళ్లు తయారుచేశారన్నమాట.

డబ్బాలో తెలుగు కరపత్రం కూడా ఉంది. ఏ యంత్రం అనువదించిందో గానీ మొదటి వాక్యమే "జ్ఞాపకార్థ నల్లమందు ధరించినందుకు కృతజ్ఞతలు" అని ఉంది. మా ఆవిడ చదివి, "ఇది పెట్టుకుని బజారుకు వెళ్లకండి, పట్టుకుపోతారు" అంది. తర్వాత డబ్బా ధర తెలుసుకుని, అంత డబ్బుకు ఎన్ని కిలోల గసగసాలు వచ్చేవో లెక్క కట్టడం మొదలుపెట్టింది. నల్లమందూ మనం మాంసం కూరలో వేసే గసగసాలూ ఒకే మొక్క నుంచి వస్తాయి, ఆ సాగుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. పాపీ అనే పేరు ఒకటే అయినా ఈ స్మారక పువ్వు దాని దాయాది మాత్రమే, యూరప్ గోధుమ చేలల్లో మొలిచే ఎర్రని కలుపు మొక్క. మన జొన్న చేలల్లో గునుగు ఎలాగో, అక్కడ ఇది అలాగ. గింజలు ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోతాయి. నేల తిరగబడితే లేస్తాయి. 1914 తర్వాత ఫ్రాన్స్‌లో, బెల్జియంలో ఫిరంగి గుండ్లు ఆ నేలను దున్నాయి. సమాధుల మధ్య అవి పూయడం చూసి కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే 1915 మే నెలలో ఒక కవిత రాశాడు. దాన్ని చదివి కదిలిపోయిన అమెరికా ఉపాధ్యాయిని మోయినా మైఖేల్, ఈ పువ్వును పెట్టుకోవాలని 1918లో ప్రచారం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌కు చెందిన అన్నా గెరాన్ దాన్ని దేశదేశాలకు మోసుకెళ్లింది. బ్రిటన్‌లో మొదటి పాపీ దినం 1921లో. ఆ ఏడాది తయారైన 90 లక్షల పువ్వులూ అమ్ముడయ్యాయి.

నేను జొన్న చేలో గునుగు పీకి పశువులకు వేసినవాడిని, అదే గునుగును మా అక్కలు బతుకమ్మకు పేర్చడం చూసినవాడిని. కలుపు మొక్కకు ఇంత గౌరవం రావడం నాకు వింతగా అనిపించలేదు. కరపత్రంలో ఈ కథ ఒక్క ముక్క కూడా లేదు. దాని బదులు "ఎరుపు రక్తానికి గుర్తు, ఆకు పదకొండు గంటల వైపు చూడాలి" అని రాశారు. ఎరుపుకు రక్తంతో సంబంధం లేదని, పెట్టుకోవడానికి సరైన తీరు, తప్పు తీరు అంటూ లేవని ఈ పువ్వులను పంచే మాజీ సైనికుల సంస్థ రాయల్ బ్రిటిష్ లీజియన్ వాళ్లే చెబుతారు. పైగా మా అమ్మాయి తపాలాలో పంపిన స్కాట్లాండ్ కాగితం పువ్వుకు నాలుగు రేకులున్నాయి, ఆకే లేదు. దాన్ని ఎన్ని గంటలకు తిప్పమంటారు?

కాగితం పువ్వును రేకు పువ్వు పక్కన పెట్టి చూశాను. కాగితంది వానలో తడిస్తే పోతుంది, నిజమే. కానీ అది ఎడింబరోలో 1926 నుంచి నడుస్తున్న పాపీ కర్మాగారంలో తయారైంది. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు పని కల్పించడానికే అలాంటి కర్మాగారాలు పెట్టారు. మా అమ్మాయి అక్కడి విరాళాల డబ్బాలో వేసిన చిల్లర మాజీ సైనికుల కుటుంబాలకు చేరుతుంది. మరి నా 1,180 రూపాయల్లో ఒక్క రూపాయి అయినా ఎవరికి చేరింది? కస్టమర్ కేర్‌కు ఫోను చేసి అడిగాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "సార్, డబ్బా తెరిచారు కాబట్టి వాపసు కుదరదు" అంది. నేను అడిగింది అది కాదు.

డబ్బు ఎక్కడికి వెళ్తుందన్న ప్రశ్న పాతదే. 1931లో సింహళంలో మాజీ సైనికులే ఈ ప్రశ్న వేశారు. పాపీలు అమ్మగా వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం బ్రిటన్‌కు పోతోందని, తమ దేశంలో యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్లకు దక్కేది తక్కువని కోపం వచ్చి, అదే రోజున సూరియ పువ్వులు అమ్మారు. సూరియ అంటే మన గంగరావి. చెరువు గట్ల మీద పచ్చగా పూసే ఆ పువ్వుతో ఒక ఉద్యమమే నడిచింది. ఈ సంగతి తెలిశాక మా వీధి చివరి గంగరావి చెట్టును కొంచెం మర్యాదగా చూస్తున్నాను.

తెలుపు గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు; డబ్బాలో పూత సరిగ్గా పడింది అదొక్కటే. 1933లో బ్రిటన్ సహకార సంఘాల మహిళలు దీన్ని మొదలుపెట్టారు. వాళ్లలో యుద్ధంలో భర్తనో కొడుకునో అన్ననో పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. చనిపోయిన సైనికులతో పాటు మామూలు జనాన్ని కూడా తలచుకోవాలని, మళ్లీ యుద్ధం రాకూడదని ఆ పువ్వు అర్థం. మాజీ సైనికులు కొందరికి ఇది గిట్టదు, తమను తప్పుపడుతున్నట్టుగా తీసుకుంటారు. నాకు అలా తోచలేదు. యుద్ధం వద్దని అందరికన్నా గట్టిగా కోరుకునేవాడు మంచులో కాపలా కాసే సిపాయి.

నలుపు దగ్గర కొంచెం ఆగుతాను. బ్రిటన్‌లోని నల్లజాతివారు 2010లో దీన్ని గులాబీ రూపం కలిసిన పాపీగా మొదలుపెట్టారు. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దీవుల వాళ్లు యుద్ధాలకు చేసిన సేవ ఎవరికీ పట్టలేదన్నది వాళ్ల మాట. వెతుక్కుని చదివితే, ఆ సేవలో ఎక్కువ భాగం మోత పనే అని తెలిసింది. తూర్పు ఆఫ్రికాలో రోడ్లు లేవు, పశువులు జబ్బులతో చచ్చిపోయేవి. అందుకని ఆహారం, మందుగుండు అన్నీ మనుషుల నెత్తి మీదే నడిచాయి. అలా మోసినవాళ్లు లక్షల్లో ఉంటారు, ఆకలితో, జబ్బుతో చనిపోయినవాళ్లు వేలకు వేలు. ఆ మోత దళాన్ని క్యారియర్ కోర్ అనేవాళ్లు; ఆ పేరే నోరు తిరిగి దార్ ఎస్ సలామ్‌లో కరియాకూ అన్న బజారు పేటగా, నైరోబీలో కరియోకోర్‌గా మిగిలింది. సమాధి లేకపోయినా సంతలో పేరు మిగిలింది. 1917 ఫిబ్రవరి 21న మెండీ అనే ఓడ ఇంగ్లీషు చానెల్‌లో మునిగింది. అందులో ఫ్రాన్స్‌కు కూలి పనికి వెళ్తున్న దక్షిణాఫ్రికా నల్లజాతివాళ్లు 600 మందికి పైగా చనిపోయారు. వాళ్ల చేతికి తుపాకీ ఇవ్వలేదు.

ఇది చదువుతుంటే మా నాన్న కళ్ల ముందు మెదిలాడు. అచ్చంపేట వైపు మా ఊరు. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానాకు మా నాన్న, అమ్మ నాగార్జునసాగర్ కట్ట మీదకు వెళ్లారు. దేశమంతా పాలమూరు కూలీ అన్న మాట తెలిసిన రోజులవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడని ప్రతి పుస్తకంలో ఉంటుంది. రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట అది. ఆ రాళ్లు ఎవరి నెత్తి మీదుగా పైకి వెళ్లాయో ఏ పుస్తకంలోనూ పేర్లు ఉండవు. మా నాన్న నడినెత్తిన జుట్టు సరిగా మొలిచేది కాదు. చుట్టబట్ట ఒరిపిడి. కొడుకు సైన్యంలో చేరి మళ్లీ మోత పనిలోనే పడ్డాడని తెలిసి చాలాసేపు నవ్వాడు.

ఖాదీ పువ్వు సంగతి పైన కొంత చెప్పాను. యుద్ధం ముగిసి వందేళ్లయిన 2018లో లీజియన్ దాన్ని తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు, 74 వేలకు పైగా తిరిగి రాలేదు. పాలమూరు, నల్లగొండ అప్పట్లో నిజాం రాజ్యంలోవి. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం పాలస్తీనా దాకా వెళ్లింది. ఢిల్లీ తీన్‌మూర్తిలో 1922లో నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. 1918 సెప్టెంబరు 23న అక్కడి హైఫా పట్టణంలో జోధ్‌పూర్, మైసూర్ రౌతులు దూసుకువెళ్లి పేరు తెచ్చుకున్నారు; హైదరాబాద్ వాళ్లకు దక్కింది ఖైదీలను కాచే పని. నాకు ఆ హైదరాబాదీల మీద ప్రత్యేక అభిమానం కలిగింది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాళ్లు ఒక దళానికి సరిపడా విమానాలు కొన్నారు. 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు అలా వచ్చింది. ఆ విమానాల మీద దాత పేరు రాశారు. శిస్తు కట్టిన రైతుల పేర్లు రాయాలంటే రెక్కలు చాలవు.

ఇండియా గేట్ మీద 13 వేల పైచిలుకు పేర్లున్నాయి. అది 70 వేల మంది మృతుల గుర్తుగా కట్టింది. ఇరాక్‌లో బస్రా దగ్గరి స్మారకం ఇంకా ఘోరం. అక్కడ భారతీయ సాధారణ సిపాయిలకు పేర్లు చెక్కలేదు. ఫలానా పటాలం, ఇంత మంది అని సంఖ్య వేశారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తానే లెక్క తీయించి, ఆసియా, ఆఫ్రికాల్లో కనీసం లక్షా 16 వేల మందికి పేరుతో గుర్తు లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండవచ్చని ఒప్పుకుంది. వీటిలో ఒక్కటి కరపత్రంలో ఉన్నా నేను రెండు నక్షత్రాలను మూడు చేసేవాడిని.

ఇక ఊదా. నేను డబ్బా కొన్నదే దీని కోసం. బ్రిటన్‌లో యానిమల్ ఎయిడ్ అనే సంస్థ 2006లో ఊదా పాపీని తెచ్చింది. 2015లో వాళ్లే దాన్ని మానేసి పాదముద్ర బ్యాడ్జీ తెచ్చారు. కారణం నాకు నచ్చింది: జంతువులు ప్రాణత్యాగం చేసిన వీరులని జనం అనుకోవడం మొదలుపెట్టారు, అవి వీరులు కావు, బాధితులు అన్నారు. తర్వాత వేరేవాళ్లు ఊదా పువ్వును కొనసాగిస్తున్నారు. ఆ సంస్థ మాట నిజం. ఖచ్చర్ త్యాగం చేయదు. మనం బరువు ఎక్కిస్తాం, అది కొండ ఎక్కుతుంది. లండన్ హైడ్ పార్కు అంచున 2004లో కట్టిన జంతువుల స్మారకం దగ్గర, బరువు మోస్తున్న రెండు కంచు ఖచ్చర్లు ఉన్నాయి. వాటికి వేరే దారి లేదన్న అర్థంలో అక్కడ ఒక వాక్యం చెక్కారు. మా అమ్మాయి ఫోటో పంపింది. జీను పట్టీలు ఎక్కడ బిగించాలో అక్కడే బిగించి ఉన్నాయి, చేసినవాడికి పని తెలుసు.

నా ఖచ్చర్‌కు సైన్యం ఇచ్చింది గిట్ట మీద కాల్చిన నంబరు. నేను పెట్టుకున్న పేరు లచ్చిమి. అరుణాచల్‌లో 70 కిలోల సామాను వీపున వేసుకుని, నాలుగు గంటలు ఎక్కి, పైన పోస్టులో కిరోసిన్ దింపి, చీకటి పడేలోగా దిగేది. ఒకరోజు వాగు మీది చెక్క వంతెన దగ్గర అడుగు వేయనని మొండికేసింది. తిట్టాను, తోశాను, చివరికి బెల్లం చూపించాను. కదల్లేదు. నాయక్ సాబ్ వచ్చి వంగి చూస్తే కింద దూలం కుళ్లిపోయి ఉంది. ఆ రాత్రి నా బెల్లం మొత్తం దానికే పెట్టాను. దానికి పతకం లేదు, నాకు కూడా మెమో రాలేదు, అంతవరకు న్యాయమే.

దాణా వేళకు పాతిక ఖచ్చర్లు కలిసి అరిస్తే కొండ మారుమోగేది. అందుకే బర్మా సంగతి చదివినప్పుడు ఆ పూట అన్నం సయించలేదు. 1943, 44 సంవత్సరాల్లో బ్రిటిష్ వాళ్ల చిండిట్ దళాలు జపాన్ సైన్యం వెనక అడవుల్లోకి వెళ్లినప్పుడు, శత్రువుకు వినబడకుండా తమ ఖచ్చర్లకు గొంతులోని స్వరతంతులు కోయించాయి. మత్తు ఇచ్చి పశువైద్యులే చేశారు. యుద్ధానికి అవసరమే కావచ్చు. నేను ఆ స్థానంలో ఉంటే నేనూ తాడు పట్టుకుని నిలబడేవాడినే. అయినా దాణా వేళకు నోరు తెరిచి, శబ్దం రాక, మళ్లీ తెరిచే ఖచ్చర్‌ను ఊహించుకోండి.

1939 డిసెంబరులో బొంబాయి నుంచి నాలుగు ఖచ్చర్ కంపెనీలు ఫ్రాన్స్ వెళ్లాయి. మంచులో మోటారు బళ్లు కదలకపోతే ఇవే ఆదుకున్నాయి. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి మనుషులను ఓడలెక్కించారు, ఖచ్చర్లు అక్కడే ఉండిపోయాయి. ఒక కంపెనీ మనుషులు జర్మన్లకు చిక్కారు. డంకర్క్ అంటే తెల్లవాళ్ల పడవలే గుర్తుకొచ్చేవాళ్లకు ఖచ్చర్లు తోలిన ఆ పంజాబీ డ్రైవర్ల గురించి ఎవరు చెబుతారు? మన సైన్యంలోనైతే పెడోంగీ కథ అందరికీ తెలుసు. 1971 యుద్ధంలో శత్రువుకు చిక్కి, వాళ్ల మెషిన్‌గన్‌నే వీపున వేసుకుని తిరిగి వచ్చిన ఖచ్చర్ అది. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మాకు శిక్షణలో మొదట చెప్పిన కథ అదే.

అందుకని 11వ తేదీ ఉదయం పదకొండింటికి ఆ రేకు ఊదా పువ్వునే చొక్కాకు గుచ్చుకుని డాబా మీద రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒకటిన్నర నిమిషానికి రబ్బరు బిళ్ల ఊడి, పువ్వు ఆరబోసిన వేరుశనగ కాయల్లో పడింది. ఆ రోజంతా వెతికాం. మూడోనాడు మా ఆవిడకు కాయలు ఒలుస్తుంటే దొరికింది, సూది విరిగి.

ఇప్పుడు దర్జీ సంగతి. గడియారం చౌరస్తా వెనక సందులో చిన్న దుకాణం. యజమాని నాకన్నా పదేళ్లు పెద్ద. కాగితం పువ్వు, నేను గీసిన బొమ్మలు పట్టుకుని 10వ తేదీనే వెళ్లాను. "హవల్దార్ సాబ్, పువ్వులు కుట్టమంటే నాకు చేతకాదు, గుండీలనుకుని కుడతాను" అన్నాడు. నారాయణపేట చేనేత ముక్కలు తెచ్చుకుంటాడు, వాటిలో ఎరుపు, ఊదా, నలుపు ఏరాడు. తెలుపుకు ధోవతి అంచు. పువ్వుకు 60 రూపాయలు. మధ్యలో నల్ల గుండీ, వెనక సురక్షిత సూది, రేకుల కింద గట్టి కాన్వాసు. లాగి చూశాను, ఊడలేదు. ఉతికి చూశాను, ఊదా కొంచెం కారింది, అయినా డబ్బా ఊదా కన్నా అందంగానే ఉంది. ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, 11వ తేదీకి ఇస్తానని 16న ఇచ్చాడు. కార్తీకంలో పెళ్లిళ్లు, జాకెట్లు ముందు. నా పువ్వుల వెనకాల నుంచుని ఎవరి పెళ్లీ ఆగదు కదా, అది నేనూ ఒప్పుకుంటాను.

డిసెంబరు 7న పతాక దినోత్సవం. 1949 నుంచి మన దేశంలో మాజీ సైనికుల కోసం చిన్న జెండాలు ఇచ్చి విరాళాలు సేకరించే రోజు అది. జెండా పక్కనే ఊదా పువ్వు పెట్టుకుని మాజీ సైనికుల సమావేశానికి వెళ్లాను. ఒక పదాతిదళ సుబేదారు గారు అదేమిటని అడిగారు. చెప్పాను. ఆయన "ఓహో" అనలేదు. కార్గిల్ వైపు పోస్టులో ఉన్నప్పుడు తమకు అన్నం తెచ్చిన ఖచ్చర్ గురించి అరగంట చెప్పి, పువ్వు ఎక్కడ కుట్టించానో అడిగి రాసుకున్నారు.

మర్నాడే మళ్లీ దర్జీ దగ్గరకు వెళ్లి ఆరో రకం పువ్వు కుట్టమన్నాను, గోనె పట్టాతో. ఆ రంగు పువ్వు ఏ దేశంలోనూ లేదు. మోసినవాళ్ల కోసం అని మా నాన్న సంగతి చెప్పాను. ఆయన గోనె ముక్కను వేళ్ల మధ్య నలిపి, "ఇది దారాలు వదులుతుంది సాబ్, అంచు రెండుసార్లు మడిచి కొట్టాలి, 80 అవుతుంది" అన్నాడు. ఇచ్చాను. రెండుసార్లు మడిచినా వదులుతూనే ఉంది. ఉతికిన ప్రతి తెల్ల చొక్కా మీద గోనె పీచు ఏరుతూ మా ఆవిడ నన్నూ దర్జీనీ కలిపి తిడుతోంది.